అతిభార మూలకముల నామనిష్పత్తి

అవయవార్థముచేతనే వస్తువును దెలుపు శబ్దము యౌగికము, పాచకశబ్ద మిట్టిది. అవయవార్థ మున్నను, లోకప్రసిద్ధిచే నొక్క వస్తువునందే నిలుచునది యోగరూఢము, పంకజశబ్ద మిట్టిది. రసాయనశాస్త్రమున నతిభార మూలకముల పేళ్లయం దీ భేదము విస్పష్టము.

లభింపని వస్తువునకు ముందుగాఁ బేరిడు పద్ధతి రష్యాదేశీయుఁడగు మెండలీవు నాఁటిది. అతఁడు 1871లోఁ దన పట్టికయందలి ఖాళీలకు సంస్కృత ‘ఏక’ శబ్దమును జేర్చి, సిలికానునకుఁ గ్రింది దానిని ‘ఏకసిలికాన్’ అనెను. అది 1886లో లభించి జర్మేనియ మయ్యెను.

ప్రయోగశాలలలో నిర్మింపఁబడిన 104వ మూలకమును సోవియట్ శాస్త్రజ్ఞులు కుర్చాతోవియ మనియు, అమెరికావారు రూథర్‌ఫోర్డియ మనియుఁ బిలిచిరి. పేరిడుట కర్తృత్వమును జాటుటయే కావున వివాదము ముదిరి, 1997లో రూథర్‌ఫోర్డియము స్థిరపడువఱకు సాగెను. ఇట్టి యెడల నుపయోగించుటకై యంతర్జాతీయ రసాయన సంఘము 1979లోఁ దాత్కాలిక నామసూత్రములను బ్రకటించెను.

నిల్, ఉన్, బి, ట్రి, క్వాడ్, పెంట్, హెక్స్, సెప్ట్, ఆక్ట్, ఎన్న్ అనునవి వరుసగా సున్న మొదలు తొమ్మిది వఱకు నంకములకు సంజ్ఞలు. లాటిను గ్రీకుల సంకరము దోషమువలెఁ దోఁచును. కాని పదింటికిని మొదటి యక్షరములు వేర్వేఱుగా నుండుటయే దాని ప్రయోజనము. మూలకసంకేత మా యక్షరములతోనే యేర్పడును. మన భూతసంఖ్యలవలె వామగతి గాక, సంఖ్యను వ్రాసిన క్రమముననే సంజ్ఞలు నిలుచును. తుద ‘ఇయం’ ప్రత్యయము. 113కు ఉన్ + ఉన్ + ట్రి + ఇయం = ఉనున్‌ట్రియం; ఇందు ‘ట్రి’ యందలి యికారము లోపించినది. తెలుఁగున ‘ఏమి + అంటివి’ యనుచోట నికారసంధి వైకల్పికము, ఇచట నిత్యము. 190కి ఎన్న్ పిదప నిల్ రాఁగా మూఁడు నకారములు కూడును. అం దొకటి లోపించి ‘ఉనెన్నిలియం’ సిద్ధించును.

సృష్టి నిర్ధారిత మైన పిదపనే శాశ్వతనామము. పురాణకల్పన, ఖనిజము, స్థలము, గుణము, శాస్త్రజ్ఞుఁడు అను నైదును దానికి నిమిత్తములు. 2016లో 113వది జపాను పేర నిహోనియ మయ్యెను. 117వది టెనెస్సీన్, 118వది ఒగనెసాన్. తుది రెంటఁ బ్రత్యయభేదము వర్గభేదమును దెలుపును: పదునేడవ వర్గమునకు ‘ఈన్’, పదునెనిమిదవ దానికి ‘ఆన్’. ఒగనెస్యాను తన జీవితకాలముననే యీ గౌరవమును బొందెను.

‘నిహోనియ’ మనఁగా జపానునకుఁ జెందిన దని యవయవార్థము. 113వ మూలకమునందే నిలుచుటచే యోగరూఢము. 119వ దింకను లభింపలేదు. ‘ఉనునెన్నియం’ అను యౌగికనామము మాత్రము సిద్ధము. సంఖ్యనే చెప్పు నీ పే రెవ్వరికిని స్వత్వము నొసఁగదు. సాక్ష్యము లేని కర్తృత్వమున కెడమీయకుండుటయే దీని గుణము.