బ్రెజిల్ క్లయింటా? కబుర్లయ్యాకే కొటేషన్!

ఉద్యోగంలో చేరిన కొత్తలో సావో పాలో క్లయింట్‌తో నా మొదటి కాల్. హలో అనగానే ధరల స్లైడ్ తెరిచా. అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత ‘మీ ఊళ్లో వానలు పడుతున్నాయా?’ అనడిగారు. ముక్తసరిగా జవాబిచ్చి మళ్లీ ధర దగ్గరికే వచ్చా. ఆ డీల్ రెండు నెలలు నానింది.

డాక్టర్ రెడ్డీస్, అరబిందో లాంటి హైదరాబాద్ ఫార్మా కంపెనీలకు బ్రెజిల్‌లో అనుబంధ సంస్థలున్నాయి. రేపు మీకూ అలాంటి కాల్ రావచ్చు. అక్కడ కంపెనీ కన్నా ముందు మనిషిని చూస్తారు. ‘కఫెజీన్యో’ అనే చిన్న కప్పు కాఫీ, కుటుంబం, ఫుట్‌బాల్ కబుర్లు... ఆ తర్వాతే బేరం. మీ మాటకు మధ్యలో అడ్డొస్తే కోపమనుకోకండి, అది ఆసక్తి. బేరం సగంలో ఉండగా మీ టీమ్‌లో మనిషిని మార్చారో, పరిచయం మళ్లీ మొదటికే!

నేరుగా కలిసినప్పుడు బొటనవేలు, చూపుడువేలు సున్నాలా కలిపి ‘సూపర్’ అనకండి. అక్కడది బూతు. బొటనవేలు పైకెత్తండి చాలు. అన్నట్టు, వాళ్ల భాష పోర్చుగీస్, స్పానిష్ కాదు.

అసలు చిక్కు అంకెల్లో ఉంది. 1.500 అని రాశారంటే ఒకటిన్నర కాదు, పదిహేను వందలు! వేలకు చుక్క, దశాంశానికి కామా పెడతారు. మెయిల్ పంపేముందు ఆ చుక్కను ఇంకోసారి చూసుకోండి.