పల్లవి పాడేది జనమే

బొగ్గుగనుల ఊళ్లలో పాటల సభకు టికెట్టు ఉండదు, సీటు నంబరూ ఉండదు. ముందొచ్చినవాళ్లదే ముందు వరుస. ఇటు రామగుండం, గోదావరిఖని, అటు గోదావరి దాటితే 1200 మెగావాట్ల సింగరేణి విద్యుత్ కేంద్రం ఉన్న జైపూర్, ఆ పక్కనే శ్రీరాంపూర్. ఎక్కడైనా ఇదే తీరు. అభిమాన గాయకుడు వస్తున్నాడని తెలిస్తే కాలనీలోంచి ఇంటిల్లిపాదీ కదులుతారు. చిక్కల్లా డ్యూటీతోనే.

సింగరేణి బొగ్గుగనుల్లో పని మూడు షిఫ్టుల్లో నడుస్తుంది. సెకండ్ షిఫ్టుకు మధ్యాహ్నం గని దిగినవాడు మళ్లీ పైకొచ్చేసరికి రాత్రి పదకొండవుతుంది. పది దాటాక మైకు మోగకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. ఉత్సవాల వేళ అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వవచ్చు గానీ, అది ఏడాదికి 15 రోజులు మించకూడదు. సడలింపు లేని రోజున ఆ కార్మికుడు వచ్చేసరికి వేదిక విప్పుతుంటారు.

తెలంగాణలో జనం మధ్య నిలబడి పాడే గాయకుడంటే మొదట గుర్తొచ్చే పేరు గద్దర్. తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు జననాట్యమండలి కళాబృందంతో ఊరూరా తిరిగారు. ఏళ్ల తరబడి అజ్ఞాతంలో ఉండి వచ్చాక, 1990 ఫిబ్రవరిలో హైదరాబాద్ నిజాం కాలేజీ మైదానంలో ఆయన పాడితే ఇసుక వేస్తే రాలనంత జనం వచ్చారు.

భుజాన గొంగడి, గోచీ పెట్టిన పంచె, కాళ్లకు గజ్జెలు, చేతిలో కర్ర. పక్కన డప్పు, డోలక్, వంత పాడేందుకు ఇద్దరు ముగ్గురు. వాద్యాల హోరు లేదు కనుక ప్రతి మాటా చివరి వరుస దాకా తెలిసేది. ఒక చరణం పాడి ఆగేవారు. అందులోని కష్టం ఎవరిదో మాటల్లో చెప్పేవారు. మళ్లీ పల్లవి ఎత్తుకునేసరికి అది జనం నోట్లో ఉండేది. ఒగ్గుకథ, బుర్రకథ చూసినవాళ్లకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు.

2002లో మొదలైన ధూంధాం అనే ఆటపాటల సభ ఇదే తీరును తెలంగాణ ఉద్యమంలోకి తెచ్చింది. 2011 సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మె మొదలైతే సింగరేణి కార్మికులూ పని ఆపారు. శిబిరాల్లో ఆటపాట మోగింది.

సభ మొదలయ్యే ముందు వేదిక వెనక్కి వెళ్తే ఒక పని కనిపిస్తుంది. డప్పు కళాకారులు మంట వేసి తోలు కాపుతుంటారు. చలికి, తేమకు తోలు సడలి డప్పు మొద్దుగా మోగుతుంది. సెగ తగిలితే బిగుసుకుంటుంది. చేతిలోని లావు సిర్రతో ఒక దెబ్బ, సన్న పుల్లతో ఒక దెబ్బ వేసి చూస్తారు. మోత కుదరకపోతే మళ్లీ మంట దగ్గరికే.

హైదరాబాద్‌లో టికెట్టు కొని వెళ్లే ప్రదర్శనలు వేరు. 2024 అక్టోబర్‌లో గచ్చిబౌలి స్టేడియంలో దేవిశ్రీప్రసాద్ పాడినప్పుడూ జనం గొంతు కలిపారు. అయితే అవి సినిమాల్లో, ఫోన్లలో విని విని కంఠతా వచ్చిన పాటలు. ధూంధాంలో పాట చాలామందికి అక్కడే పరిచయమవుతుంది, అక్కడే నోటికొస్తుంది. మర్నాడు గనిలో ఒకరు అందుకుంటే పక్కవాడు పూర్తిచేస్తాడు. ఫోన్‌లో ఎంత విన్నా మైదానానికి ఎందుకు పోవాలనే ప్రశ్నకు ఇదే జవాబు.

గద్దర్ 2023 ఆగస్టు 6న కన్నుమూశారు. పాటల సభలు మాత్రం ఆగలేదు. సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో ఏర్పడిన 1920 డిసెంబర్ 23కు గుర్తుగా ఏటా ఆ రోజున పాటల సభలతో సింగరేణి డే జరుపుతారు. సభకు వెళ్లేవాళ్లు పెద్ద స్పీకర్లకు ఎదురుగా కాక దూరంగా, పక్కగా కూర్చుంటే చెవులకు మంచిది. పసిపిల్లలుంటే ఇంకాస్త వెనక్కి జరగాలి. మిగతా రోజుల్లో సభలు పెట్టేవాళ్లు ఎక్కువమందికి సెలవుండే ఆదివారాన్ని ఎంచుకుంటే సెకండ్ షిఫ్టు కార్మికుడికీ పాట వినే వీలు దొరుకుతుంది.