జరగని నేరానికి చందా ఎవరిస్తారు?

దొంగ దొరికితే పేపర్లో ఫొటో వస్తుంది. అసలు దొంగతనమే జరక్కపోతే..? ఏమీ రాదు! నేరాలు జరగకుండా చూసే చిన్న స్వచ్ఛంద సంస్థల కష్టమంతా అక్కడే. ఆగిపోయిన నేరాన్ని దాతకు చూపించేదెలా?

విశాఖ తీరంలోని జాలరిపేటనే తీసుకోండి. నాన్న వేటకీ, అమ్మ చేపల అమ్మకానికీ వెళ్తే ఇంట్లో పిల్లలే మిగులుతారు. వాళ్లను చేరదీసి చదివించడానికి, తాగుడు గొడవలు ముదరకముందే సర్దిచెప్పడానికి అక్కడో సంఘం మొదలైందనుకోండి. 2001నాటి సొసైటీల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్‌కు ఏడుగురు సభ్యులుంటే చాలు. చిక్కల్లా ఎనిమిదో మనిషితోనే... జీతమివ్వాల్సిన కార్యకర్తతో!

పేటలో చందాలు పోగేద్దామంటే, ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేటకు నిషేధం. చేతిలో డబ్బాడదు. బడులకు సెలవులిచ్చి పిల్లలు వీధిన పడేదీ అప్పుడే. అవసరం ఎక్కువైన రోజుల్లోనే రాబడి తక్కువన్నమాట.

మరి కంపెనీలు? 2013నాటి చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజసేవకు ఖర్చుపెట్టాలి. లాభం తగ్గితే ఆ వాటా కూడా తగ్గుతుంది. విశాఖ ఉక్కు 2022-23, 2023-24ల్లో నష్టాలే చూసింది. విదేశీ విరాళాలకు అనుమతి కావాలంటే మామూలుగా సంస్థకు మూడేళ్లు నిండాలి, ఆ మూడేళ్లలో 15 లక్షల రూపాయల సేవ చేసి ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బులో పరిపాలన ఖర్చు 20 శాతం మించకూడదు. లెక్కలు రాసే గుమస్తా జీతమూ అందులోదే!

1996లో హైదరాబాద్‌లో 'ప్రజ్వల'ను ప్రారంభించిన సునీతా కృష్ణన్‌కూ ఈ బాధ తప్పలేదు. మెహబూబ్‌కీ మెహందీలోని వ్యభిచార గృహాలను ఖాళీ చేయించినప్పుడు, అక్కడి పిల్లలు ఆ కూపంలోకి జారకుండా సహచరుడు బ్రదర్ జోస్ వెట్టికాటిల్‌తో కలిసి బడి పెట్టారామె. ఖర్చులకు నగలే కాదు, ఇంట్లో గిన్నెలూ అమ్ముకున్నారు. బయటపడ్డ మహిళలకు వడ్రంగం, వెల్డింగ్ నేర్పించి సొంత కాళ్లమీద నిలబెట్టారు. పద్మశ్రీ వచ్చింది 2016లో... గిన్నెలు అమ్ముకున్న ఇరవై ఏళ్లకు!

మీ వీధిలోనూ ఇలాంటి సంఘం ఉందా? రసీదు అడగండి, ఏటా ఆడిట్ అవుతోందో లేదో కనుక్కోండి. అన్నీ సవ్యంగా ఉంటే 'పలకలు కొనండి' అనే బదులు 'ఈ నెల టీచరమ్మ జీతం మాది' అనండి. పలకలు చాలామందే ఇస్తారు. వాటిమీద అక్షరాలు దిద్దించే మనిషి ఉండాలిగా!