బల్లకట్టు బోల్టులు

2022 వఱకు కృష్ణాజిల్లాలో చేరియుండిన జగ్గయ్యపేట ప్రాంతమున, కృష్ణ యొడ్డున ముక్త్యాల గ్రామము కలదు. ఆవలి యొడ్డున మాదిపాడు. ఈ రెండు రేవుల నడుమ మనుష్యులను, పశువులను, బండ్లను చిరకాలము దాటించినది బల్లకట్టు. రెండు పడవలను ప్రక్కప్రక్కన నిలిపి, వానిపై అడ్డముగా దూలములు బిగించి, ఆ దూలములమీద బల్లలు పరచినచో బల్లకట్టగును. సముద్రముపై తిరుగు జంటపడవలను ఆంగ్లమున కాటమరానులందురు. ఆ మాట అరవమందలి కట్టుమరమునుండి పుట్టినది. కట్టుమరమున దుంగలను త్రాళ్ళతో కట్టుదురు. కొయ్య బల్లకట్టున దూలములను ఇనుప బోల్టులు పట్టియుంచును.

చూపునకు పడవలే కష్టమంతయు పడుచున్నట్లుండును. నిజమునకు ఆ కష్టము దూలము పడవను కలియు చోటనే యున్నది. బండి ఒక ప్రక్కకు నిలిచినచో ఆ ప్రక్క పడవ క్రుంగును, రెండవది లేచును. దూలము రెంటిని సమముగా నిలుపజూచును. ఆవలి యొడ్డు చేరువఱకు ఈ పెనుగులాట తప్పదు. ఎగువ పులిచింతలనుండి నీరు వదలి ప్రవాహము హెచ్చినపుడు ఇక చెప్పనేల!

నందిగామ మెట్టపొలములకు బండి తోలు రైతు ఇరుసు సీల వదులైన సంగతిని చప్పుడును బట్టియే గ్రహించును. బల్లకట్టు బోల్టు అట్లు చాటిచెప్పదు. దాని చుట్టు నల్లని మరక కనబడును, అంతే. ఇనుము తుప్పుపట్టినదనియు, రంధ్రమున దిగిన నీటిచే కొయ్య మెత్తబడుచున్నదనియు అనుమానింపవలెను. అప్పుడు పానాతో నట్టును బిగించి ఊరకుండుట పలువురు చేయు తప్పు. నట్టు మెత్తని కొయ్యలోనికి దిగునే కాని పట్టు చిక్కదు. నడియేట దూలము విడివడినచో పడవలు చెరియొక దారి పట్టును. పైనున్నవారి గతి యేమి?

కనుక బల్లకట్టును ఒడ్డునకు చేర్చి, బరువు దింపి, దూలము క్రింద దిమ్మలు పెట్టవలెను. బోల్టులను ఒక్కొక్కటిగనే తీయవలెను. అన్నిటిని ఒకమారు తీసినచో దూలము కదలి రంధ్రములు తిరిగి కలియవు. పిదప రంధ్రపు గోడను ఉలిమొనతో గుచ్చి చూడవలెను. కొయ్య గట్టిగానుండి రంధ్రము మాత్రమే సాగినచో, బరమాతో దానిని సరిచేసి లావైన బోల్టు వేయవచ్చును. కుళ్ళు కనబడినచో మేలికొయ్య తగులువఱకు చెక్కివేసి, బాగుగా నెండిన టేకుముక్కను జిగురుతో బిగించి, క్రొత్తగా తొలువవలెను. కుళ్ళు లోతైనచో దూలమునే మార్చవలెను. ఇచట లోభము పనికిరాదు. బోల్టునకు తారు పూసి దింపి, నట్టు క్రింద వెడల్పైన ఇనుపబిళ్ళ వేసి, వదులు కాకుండ పైన రెండవ నట్టు బిగింపవలెను.

బిగింపునకును మితము కలదు. వేసవిలో కొయ్య ఎండి కుదించుకొనును. అప్పుడు బలమంతయు చూపి బిగించినచో, వానకాలమున కొయ్య ఉబ్బి బిళ్ళ క్రింద నలిగిపోవును. మరుసటి వేసవికి బోల్టు మునుపటికంటె వదులగును. అందుచే వేసవిలో పట్టు చిక్కునంతవఱకే బిగించి, తొలకరి వానలు పడిన పిదప మరల పానా పట్టి చూచుకొనవలెను.