జనం పెరిగితే నీళ్లేమవుతాయి?



వాంతులు, విరేచనాలతో గానీ, టైఫాయిడ్‌తో గానీ, పచ్చకామెర్లతో గానీ ఆసుపత్రికి వచ్చినవారిని మేము తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "మీ ఇంట్లో తాగే నీళ్లు ఎక్కడివి?" కొందరు కుళాయి నీళ్లంటారు, కొందరు బోరు నీళ్లంటారు. ట్యాంకరు తెప్పించుకుంటున్నామనేవారు, క్యాన్లు కొంటున్నామనేవారు కూడా ఉన్నారు. ఇదే ప్రశ్న మన తాతల కాలంలో అడిగితే బావి అనో, చెరువు అనో జవాబు వచ్చేది. రెండు మూడు తరాల్లోనే ఇంత మార్పు ఎందుకొచ్చింది?

జనాభా పెరిగి పర్యావరణం దెబ్బతింటోందని మనం తరచూ వింటుంటాం. అడవులు, గాలి, ఎండల సంగతి మరోసారి చెప్పుకుందాం. ఈ సంచికలో నీటి సంగతి ఒక్కటే చూద్దాం. పర్యావరణానికి తగిలిన దెబ్బ నీటి ద్వారా చాలా త్వరగా మన ఒంట్లోకి చేరుతుంది కాబట్టి, ఆరోగ్యం కోరేవారందరూ తెలుసుకోవలసిన విషయమిది.

వాన అంతే, పంచుకునేవారు ఎక్కువ

1951 జనాభా లెక్కల నాటికి మన దేశంలో 36 కోట్ల మంది ఉన్నారు. 2011 నాటికి 121 కోట్లయ్యారు. 2023లో మనం చైనాను దాటిపోయామని ఐక్యరాజ్యసమితి అంచనా వేసింది. ప్రపంచంలోని మనుషుల్లో దాదాపు 18 శాతం మన దేశంలోనే ఉన్నారు. మంచినీటి వనరులు మాత్రం మన వాటాకు వచ్చినవి 4 శాతమే.

వాన ఏడాదికోరకంగా కురిసినా, సగటున దేశం మీద పడే నీరు మన సంఖ్యతో పాటు పెరగదు. ఆ నీటిని తలకింత అని పంచి చూస్తే సంగతి తెలుస్తుంది. ఇళ్ల మీద పెట్టుకునే వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకును కొలతగా తీసుకోండి. ప్రభుత్వ లెక్కల ప్రకారం 1951లో ఒక్కొక్కరి వంతుకు ఏడాదికి 5,177 ట్యాంకుల నీరు ఉండేది. 2001 నాటికి అది 1,816కు, 2021 నాటికి 1,486కు తగ్గింది. 1,700 కంటే తగ్గితే ఆ దేశంలో నీటి ఎద్దడి ఉన్నట్టే లెక్క.

ఒక మనిషికి అన్ని ట్యాంకులు ఎందుకని మీకు అనిపించవచ్చు. ఈ లెక్కలో తాగే నీరు చాలా కొద్ది భాగమే. తినే తిండికీ, కట్టే బట్టకూ, వెలిగే దీపానికీ వెనుక నీరుంది. ఒక కిలో వడ్లు పండడానికి సగటున 2,500 లీటర్ల నీరు పడుతుంది. దేశంలో భూమి లోపలి నుంచి తోడే నీటిలో పది వంతులకు దాదాపు తొమ్మిది వంతులు పంటలకే పోతుంది. కాబట్టి జనం పెరిగారంటే నీళ్ల బిందెలు పెరగడమొక్కటే కాదు, వరి మడులూ మోటార్లూ కూడా పెరుగుతాయి.

గండిపేట నుంచి గోదావరి దాకా

దీన్ని అర్థం చేసుకోవడానికి హైదరాబాదు నగరం మంచి ఉదాహరణ. 1908 సెప్టెంబరులో మూసీ నదికి వచ్చిన పెద్ద వరద వేలమంది ప్రాణాలు తీసింది. మళ్లీ అలా జరగకుండా మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాతో నగరానికి ఎగువన రెండు జలాశయాలు కట్టారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరదను ఆపడంతో పాటు నగరానికి తాగునీరూ వాటి నుంచే వచ్చింది. ఉస్మాన్‌సాగర్‌నే జనం గండిపేట చెరువు అంటారు.

ఆ నీళ్లు కొన్ని దశాబ్దాలు సరిపోయాయి. నగరం పెరిగింది. 1965లో సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని మంజీరా నది నుంచి నీళ్లు తెచ్చారు. అదీ చాలక 1990ల మొదట్లో సింగూరు జలాశయం నుంచి తెచ్చారు. 2004లో నాగార్జునసాగర్ వైపు నుంచి కృష్ణా నీళ్లు వచ్చాయి. అది 110 కిలోమీటర్లకు పైబడిన దూరం. 2015లో గోదావరి నీళ్లు వచ్చాయి. వాటి దూరం 180 కిలోమీటర్లకు పైనే. ఇంత దూరం నుంచి నీటిని పంపులతో ఎత్తి పోయాలంటే రాత్రింబవళ్లు కరెంటు కావాలి. పైగా ఆ నీరంతా ఒకప్పుడు వేరే పల్లెలకో, వేరే పొలాలకో అందిన నీరే.

2011 నాటికి నగరపాలక సంస్థ పరిధిలో 67 లక్షల మందికి పైగా ఉన్నారు. చుట్టుపక్కల ప్రాంతాలతో కలిపి ఇప్పుడు కోటి దాటి ఉంటారని అంచనా. వీరిలో చాలామంది వానలు లేక, పనులు లేక పల్లెలు విడిచి వచ్చినవారు. పల్లెలో బావి ఎండితే మనిషి నగరానికి వస్తాడు. ఆ మనిషి కోసం నగరం మరో నది దాకా గొట్టం వేస్తుంది.

వాడిన నీరు ఎక్కడికి పోతుంది?

నీరు ఎక్కడి నుంచి వస్తుందో అందరం అడుగుతాం. ఎక్కడికి పోతుందో అడిగేవారు తక్కువ. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు కావాలని ఇంజనీర్లు లెక్క వేస్తారు. అందులో సుమారు 80 శాతం మురుగునీరై బయటికి పోతుంది. అయిదుగురున్న ఇంటికి 675 లీటర్లు వస్తే 540 లీటర్లు మురుగుగా పోయినట్టు. వంద ఇళ్లున్న వీధి నుంచి రోజుకు 54 వేల లీటర్లు. ఇక నగరమంతటి సంగతి మీరే ఊహించుకోండి.

వికారాబాదు దగ్గర అనంతగిరి కొండల్లో పుట్టే మూసీ, హైదరాబాదు దాటేసరికి ఆ మురుగును మోసుకుని నల్గొండ వైపు సాగి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. 2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 351 కలుషిత నదీ భాగాలను గుర్తించింది. వాటిలో మూసీ ఒకటి. ఈ మధ్య నగరంలో కొత్త మురుగు శుద్ధి కేంద్రాలు కట్టారు. అవి నిండుగా పనిచేస్తేనే దిగువవారికి మేలు.

ఆ దిగువన రైతులున్నారు. మూసీ నీటితో వరి, ఆకుకూరలు, పశువుల గడ్డి పండుతాయి. ఆ గడ్డి మేసిన గేదెల పాలూ, ఆ ఆకుకూరలూ మళ్లీ నగరానికే వస్తాయి. మురుగునీటిలో వట్టి కాళ్లతో పనిచేసేవారికి కొంకి పురుగులు పట్టే ప్రమాదం ఎక్కువ. ఈ పురుగులు కాలి చర్మం గుండా లోపలికి పోయి, పేగుల్లో చేరి రక్తం పీలుస్తాయి. ఎంత తిన్నా నీరసం తగ్గని, రక్తం పెరగని కూలి తల్లులలో ఇదొక కారణం కావచ్చు.

భూమి లోపలి సంగతి

చెరువులు పూడిపోయి, బావులు ఎండిపోయినచోట మనం బోర్లు వేశాం. మొదట వంద అడుగులు, తర్వాత మూడు వందలు, ఇప్పుడు కొన్నిచోట్ల వెయ్యి అడుగులకు కూడా వెళుతున్నాం. ప్రపంచంలో భూగర్భజలం అందరికన్నా ఎక్కువ వాడే దేశం మనదే.

నల్గొండ వంటి ప్రాంతాల్లో నేల కింద నల్లరాయి, గ్రానైటు ఉంటాయి. ఆ రాళ్లలో ఫ్లోరైడు అనే లవణం ఉంటుంది. నీరు రాతి పగుళ్లలో ఎంత ఎక్కువ కాలం నిలిస్తే అంత ఫ్లోరైడు అందులో కరుగుతుంది. ఈ జబ్బు కొత్తది కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు మొదట వివరించింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. కాబట్టి ఫ్లోరైడు జనాభా వల్ల పుట్టిందని చెప్పడం తప్పు. అయితే వాననీరు నిలిచే చెరువులను పోగొట్టుకుని లోతు నీటి మీదే ఆధారపడ్డాక, ఆ విషం ఎక్కువ ఇళ్లకు చేరింది.

లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండడం మంచిది. వేరే నీరు దొరకనప్పుడు కూడా 1.5 దాటకూడదు. అంతకు మించిన నీరు తాగుతూ పెరిగిన పిల్లల పళ్ల మీద సుద్దలాంటి తెల్లటి, గోధుమ రంగు మచ్చలు పడతాయి. ఏళ్ల తరబడి తాగితే మెడ, నడుము బిగుసుకుపోతాయి, కాళ్లు వంకరపోతాయి. వంకరపోయిన ఎముకను మందుతో మునుపటిలా చేయలేము. కాబట్టి నివారణ ఒక్కటే మార్గం. నదీజలాన్ని ఇంటింటికీ తెచ్చేందుకు తెలంగాణలో 2016లో మొదలైన మిషన్ భగీరథ ఉద్దేశాల్లో ఇదొకటి.

పిల్లలు ఎక్కువ కావడమే కారణమా?

ఇంతా చదివాక, "ఎక్కువమందిని కన్నవారి వల్లే ఈ కష్టం" అని ఎవరైనా అనవచ్చు. మేము అలా అనము. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లలు దేశంలో 2.0, ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. జనాభా నిలకడగా ఉండడానికి కావలసింది 2.1. అంటే మన తల్లులు ఆ పని ఎప్పుడో పూర్తి చేశారు. ఇద్దరికి మించి పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న పాత నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తివేసింది కూడా.

కుటుంబాలు ఎందుకు చిన్నవయ్యాయో కూడా గమనించండి. 1971లో దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది శిశువుల్లో 129 మంది ఏడాది నిండకుండానే చనిపోయేవారు. 2020 నాటికి అది 28కి తగ్గింది. పుట్టిన బిడ్డ బతుకుతుందన్న ధైర్యం ఉన్న తల్లిదండ్రులు ఒకరిద్దరితో ఆగుతారు. ఆడపిల్లల చదువు, టీకాలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, పరిశుభ్రమైన నీరు, ఇవన్నీ ఆ ధైర్యాన్నిచ్చాయి. నీళ్లు పాడైతే మొదట నష్టపోయేది మళ్లీ ఆ పసిబిడ్డలే.

పిల్లలు తగ్గినా వాడకం తగ్గలేదు. ఉమ్మడి కుటుంబానికి ఒక బావి ఉన్నచోట ఇప్పుడు నాలుగు ఇళ్లు, నాలుగు బోర్లు. ఒక బిడ్డ ఉన్న ఇల్లు కూడా రోజూ పైపుతో కారు కడిగితే, అయిదుగురున్న పేద ఇంటికంటే ఎక్కువ నీరే ఖర్చు చేస్తుంది. ఇకమీదట మన ఊరి నీళ్లు ఎలా ఉంటాయన్నది తలల లెక్క మీద కన్నా మన అలవాట్ల మీదే ఎక్కువగా ఆధారపడి ఉంది.

మనం చేయగలిగినవి

1. తాగే నీటిని తెర్లే దాకా కాచి, ఆ తర్వాత కనీసం ఒక నిమిషం ఉంచి దింపండి. చల్లార్చి, మూత పెట్టి, పొడవు కాడ ఉన్న గరిటెతో తీసుకోండి. చేతులు ముంచవద్దు.

2. కాచినందువల్ల ఫ్లోరైడు పోదని గుర్తుంచుకోండి. నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. మీది బోరు నీరైతే గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తేర్చే పద్ధతిని నాగపూరులోని నీరి సంస్థ 1975లో రూపొందించింది. దానికి నల్గొండ పేరే పెట్టారు. అయితే నీటిని పరీక్షించిన తర్వాతే మోతాదు నిర్ణయించాలి, అందాజాగా కలపకూడదు.

3. మరుగుదొడ్డి గుంతకూ, బావికీ లేదా చేతిపంపుకూ మధ్య కనీసం 50 అడుగుల దూరం ఉంచండి.

4. కప్పు మీద పడిన వాననీటిని ఇంకుడు గుంతలోకి మళ్లించండి. మురుగునీటిని మాత్రం అందులోకి రానివ్వవద్దు. కొత్త బోరు వేసేముందు 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి తీసుకోండి.

5. కుళాయి రోజు విడిచి రోజు వస్తుందని తొట్లలో నీరు పట్టి ఉంచేవారు వారానికొకసారి వాటిని ఖాళీ చేసి, తోమి, ఆరబెట్టండి. డెంగీ దోమ మంచినీటిలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు.

6. ఆకుకూరలను రెండు మూడు నీళ్లలో కడిగి, బాగా ఉడికించండి. పొలంలో మురుగునీటిలో దిగేటప్పుడు రబ్బరు బూట్లు వేసుకోండి.

7. బిడ్డకు విరేచనాలైతే ఒక పెద్ద ఓఆర్‌ఎస్ పొట్లాన్ని లీటరు పరిశుభ్రమైన నీటిలో కలిపి కొద్దికొద్దిగా తాగించండి. తల్లిపాలు ఆపవద్దు. డాక్టరు చెప్పిన జింకు మందును 14 రోజులు వేయండి. బిడ్డ మగతగా ఉన్నా, కళ్లు లోపలికి పోయినా, విరేచనంలో రక్తం కనిపించినా ఆలస్యం చేయక తీసుకురండి.

8. ఒక కాన్పు తర్వాత మళ్లీ గర్భం దాల్చడానికి కనీసం రెండేళ్ల వ్యవధి ఉంచుకోండి. తల్లికి రక్తం పుంజుకుంటుంది, బిడ్డకు పాలు నిండుగా దొరుకుతాయి.

మన ఇంటి మురుగు ఏ కాలువలో కలుస్తుందో, ఆ కాలువ ఏ చెరువుకు పోతుందో, ఆ చెరువు కింద ఎవరు నీళ్లు తాగుతున్నారో ఈ వారం ఇంట్లో అందరూ కలిసి ఒకసారి కనుక్కోండి. పిల్లలను కూడా వెంట తీసుకువెళ్లి చూపించండి. దారి తెలిస్తే, ఆ నీటిని ఎక్కడ ఆపి శుభ్రం చేయాలో పంచాయతీలో గానీ, వార్డులో గానీ నలుగురితో కలిసి అడగవచ్చు.