అరకులోయ: దారులు, వాహనములు, గిరిజనుల జీవనము

శనివారము తెల్లవారకముందే అత్తిబెలె సుంకపుగేటు కడ కార్లు బారులు తీరును. కన్నడసీమ ముగిసి తమిళనాడు మొదలగు ఈ యెల్లయందు తెలుగు, కన్నడము, తమిళము మూడును వినవచ్చును. బెంగుళూరు నుండి హొసూరు మీదుగా ఏర్కాడునకు, కొడైకెనాలునకు పోవు కుటుంబములు ఈ దారినే పట్టును. కొండగాలి కొరకు బయలుదేరిన వారికి మొదట లభించునది వాహనముల పొగయే. ఈ చిక్కు ఈ యొక్క యూరిది కాదు. యాత్రికులు విరివిగా పోవు ప్రతి కొండదారికిని నేడు వచ్చినదే. తెలుగునాట దీని స్వరూపమును గ్రహించుటకు అరకులోయ చక్కని నిదర్శనము.

అరకులోయ తూర్పుకనుమలలో, సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున, విశాఖపట్టణమునకు సుమారు 115 కిలోమీటర్ల దూరమున నున్నది. 2022 ఏప్రిలు 4వ తేదీ నుండి అది అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది. బగతలు, వాల్మీకులు, కోటియాలు, కొండదొరలు, పోర్జాలు, గదబలు మొదలగువారు ఆ ప్రాంతపు గిరిజనులు. సముద్రతీరము నుండి లోయకు ముఖ్యముగా రెండు దారులు కలవు. ఒకటి శృంగవరపుకోట, అనంతగిరి మీదుగా ఎక్కు ఘాటురోడ్డు. రెండవది కొత్తవలస నుండి కిరండూలునకు పోవు రైలుదారి.

ఈ రైలుదారి యాత్రికుల కొరకు వేసినది కాదు. బైలడిల్లా కొండల యినుపఖనిజమును విశాఖ రేవునకు చేర్చి, అచటి నుండి జపానునకు పంపుటకై 1960వ దశకమున దీనిని నిర్మించిరి. ఏబదికి మించిన సొరంగములను దాటుచు సాగు ఈ దారి నేడు యాత్రికులకు వేడుకయైనది. 2017 ఏప్రిలులో అద్దపు పైకప్పు గల ‘విస్టాడోము’ పెట్టెను దీనిపై నడపసాగిరి. శృంగవరపుకోట, బొర్రా గుహలు, అరకు ఈ దారి మీది స్టేషనులే. అనగా కొండను క్రొత్తగా త్రవ్వకయే వేలమందిని లోయకు చేర్చగల సాధనము అరువదియేండ్ల క్రిందటనే సిద్ధమైనది. అయితే ఖనిజపు బండ్లును ఆ దారినే నడచుచుండుటచే ప్రయాణికుల బండ్లను పెంచుట సులభము కాదు. రెండవ పట్టా వేయు పనులు అందులకే ముఖ్యములు.

ఇక రోడ్డు సంగతి. నలుగురికొక కారు చొప్పున నాలుగువందల మందికి నూరు కార్లు కావలెను. అంతమందికే నలువదేసి ఆసనముల బస్సులు పది చాలును. మైదానమున ఈ భేదము కొంత ఇబ్బందితో సరిపోవును. కొండపై అట్లు కాదు. ఎక్కుడుదారిలో ఇంజను హెచ్చు ఇంధనమును త్రాగును. మలుపుల కడ ఒక్క బండి ఆగిన వెనుకవన్నియు ఆగును. కార్లు పెరిగినకొలది రోడ్డును వెడల్పు చేయుమను కోరిక పుట్టును. అందులకు కొండచరియను కోయవలెను. తూర్పుకనుమలలో విరివిగా నుండు ఖోండలైటు శిల ఎండకు వానకు శిథిలమై ఎర్రమన్నుగా మారును. చెట్ల వేళ్లు పట్టియుంచిన ఆ మన్నును ఒక ప్రక్క కోసినచో, వానకాలమున పైభాగము జారి దారిపైననే పడును. వెడల్పు చేసిన దారి కొన్నాళ్లకు మరల నిండును. కోసిన కొండ మరల మొలవదు.

ఈ నష్టము లోయతో ఆగునది కాదు. గోస్తనీ నది అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రా గుహల గుండ ప్రవహించి, తాటిపూడి జలాశయమును చేరును. ఆ జలాశయపు నీరు విశాఖపట్టణవాసులకు త్రాగునీరు. కొండపై పారవేసిన చెత్తయు, ఒలికిన నూనెయు వానతో దిగి చేరునది యాత్రికుడు వచ్చిన పట్టణమునకే.

ఇంతకంటె లోతైన ప్రశ్న ఇంకొకటి కలదు. ఈ యాత్రల వలన బ్రతుకువారెవరు? షెడ్యూల్డు ప్రాంతములలోని భూమి గిరిజనేతరులకు పోకుండ 1959 నాటి భూబదలాయింపు నిబంధనయు, దానిని బిగించిన 1970 నాటి ఒకటవ నిబంధనయు రక్షణ కల్పించినవి. అనంతగిరి మండలమున బొర్రా ప్రాంతపు గనుల కౌలును గూర్చి ‘సమత’ సంస్థ నడపిన వ్యాజ్యమున, 1997లో సుప్రీంకోర్టు ఆ రక్షణను మరింత దృఢపరచినది. ప్రభుత్వ భూమినైనను అచట గనులకై గిరిజనేతరులకు కౌలున కీయరాదని తీర్పు చెప్పినది. కాని భూమి గిరిజనునిదే యైనను, బండి, భోజనము, బస మూడును మైదానమువారి చేతిలో నున్నచో, అతనికి మిగులునది దుమ్మును చెత్తయు మాత్రమే. చట్టము నేలను కాపాడగలదు, రాబడిని పంచలేదు. తెల్లవారి కారులో వచ్చి, తెచ్చుకొన్న అన్నమే తిని, చీకటిపడకముందే దిగిపోవు యాత్రికుని వలన లోయకు దక్కున దేమి? రైలు దిగి, ఊరివారి జీపెక్కి, ఒక రాత్రి నిలిచి, 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు కాఫీని కొనిపోవువాని వలన గిరిజనునకు కూలియు, గిరాకియు రెండును కలుగును.

ఈ చిక్కును తీర్చ యత్నించిన తావులు మన దేశమున లేకపోలేదు. మహారాష్ట్రమున మాథెరాను కొండకు పోవువారు మోటారుబండ్లను దస్తూరి కడనే విడువవలెను. నేరలు నుండి 1907లో వేసిన చిన్నరైలు పైకి పోవును. మద్రాసు ఉన్నత న్యాయస్థానపు టాజ్ఞచే నీలగిరికి, కొడైకెనాలునకు 2024 మే 7 నుండి ఈ-పాసు పద్ధతి వచ్చినది. 2025 వేసవిలో కొడైకెనాలునకు పనిదినములందు 4,000, వారాంతములందు 6,000 వాహనములని హద్దు పెట్టిరి. ప్రభుత్వపు బస్సులలో పోవువారికి ఆ పాసు అక్కరలేదు. అనగా లెక్కించినది మనుష్యులను కాదు, బండ్లను. ఇక తిరుమల సంగతి తెలియని తెలుగువారు లేరు. అచటి మొదటి ఘాటురోడ్డు 1944లో, రెండవది 1974లో వచ్చినవి, ఎక్కుటకొకటి, దిగుటకొకటి. లక్షలమంది కుబేరుడనక పేదయనక ఆర్టీసీ బస్సునెక్కి స్వామిని సేవించి వచ్చుచున్నారు. కొండబస్సులో పదిమందితో కలసి కూర్చుండుట మనకు క్రొత్త కాదు.

కావున అరకునకు వలయునది మరింత వెడల్పైన రోడ్డు కాదు. రద్దీ హెచ్చు శీతకాలపు వారాంతములందు కార్లను శృంగవరపుకోట కడ నిలుపవలెను. అచటనే రైలుస్టేషను కలదు గనుక, రైలును బస్సును వేళలు కలిపి నడుపవచ్చును. లోయలో తిరుగు జీపులు, ఆటోలు గిరిజన యువకుల సొంతము కావలెను. వైద్యమునకు పోవు బండ్లకును, ఊరివారి బండ్లకును ఏ యాటంకము నుండరాదు. ఇవి చేయదగినవి, భారీ వ్యయముతో కూడినవి కావు.

చెప్పదలచిన దొక్కటే. లోయకు మేలు చేయునది మనిషి రాక. కీడు చేయునది బండి రాక. ఈ రెండింటిని వేరుచేసి చూచుట పాలకుల వంతు. అత్తిబెలె నుండి బయలుదేరు కుటుంబము తన కారును ఇంట నుంచి, విశాఖ వరకును, అటుపై అరకు వరకును రైలుననే పోయినచో, తన వంతు నెరవేర్చినదే యగును.