కంటిచూపును కొలుచు చదువు

పోయిన వేసవిలో నొకనాటి సాయంకాలము అలియాబాదు చౌరస్తాకు సమీపమున నివసించు పరిచయస్తురా లొకామె తన కూతురిని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చెను. ఆమె కుట్టుపని చేసి సంసారమును నెట్టుకొని వచ్చుచున్న స్త్రీ. శామీరుపేట చెఱువు మొదలు తుర్కపల్లి వఱకు గల గ్రామములలో పెండ్లి రవికెలు కుట్టించవలసినచో నామె పేరే చెప్పుదురు. బిడ్డ ఇంటర్మీడియెటు బైపీసీ ముగించినది. వైద్యవిద్యకై వ్రాసిన నీటు పరీక్షలో సీటు వచ్చునన్ని మార్కులు రాలేదు. ఇక బీయస్సీలో చేర్చుటయా, సంబంధములు చూచుటయా యని యింటిలో రెండు పక్షములు. బాలిక మూడవ మాట యొకటి తెచ్చినది. తాను ఆప్టామెట్రీ చదువుదు ననినది.

"అక్కా, అది కంటిడాక్టరు చదువేనా? లేకుంటే అద్దాల దుకాణంల కూసునే చదువా?" అని తల్లి నన్నడిగెను.

ఈ సందేహము మనలో ననేకులకు గలదు. కంటికి మందిచ్చి, శుక్లము తీసి, శస్త్రచికిత్స చేయువారు నేత్రవైద్యులు. వారు మొదట ఎం.బి.బి.ఎస్. ముగించి, అటుపై నేత్రవైద్యమును ప్రత్యేకముగ చదివినవారు. వ్రాసియిచ్చిన చీటి ప్రకారము అద్దములను చెక్కి ఫ్రేములో బిగించి యిచ్చువారు ఆప్టీషియనులు. ఈ యిరువురి నడుమ నున్నవారు ఆప్టామెట్రిస్టులు. చూపును కొలుచుట, ఎంత పవరు అద్దము కావలెనో నిర్ణయించుట, కాంటాక్టు లెన్సు లమర్చుట, మెల్లకన్ను గల పిల్లలకు అభ్యాసములు చేయించుట, చూపు మిక్కిలి మందగించినవారికి మిగిలిన యా కొంచెము చూపుతోనే పని జరుపుకొను సాధనములు చూపుట వీరి పని. కంటిలోని యొత్తిడి పెరిగినను, మధుమేహముచేత లోపలి పొర చెడినను ముందుగ కనిపెట్టి నేత్రవైద్యుని యొద్దకు పంపువారును వీరే. కత్తి మాత్రము పట్టరు.

ఈ విద్యలో నాకు మిక్కిలి వింతగ తోచినది రెటినోస్కోపు అను చిన్న పరికరము. చీకటిగదిలో దాని వెలుగు చారను కంటిపై నటునిటు కదలింతురు. కంటిపాపలో నెఱ్ఱని కాంతి యొకటి తిరిగి కనబడును. ఆ కాంతి వెలుగుతోపాటు కదలుచున్నదా, ఎదురుగ కదలుచున్నదా యని చూచి, కంటిముందు ఒక్కొక్క అద్దమే మార్చుచు, కదలిక నిలిచిపోవు వఱకు పరీక్షింతురు. అక్షరములు రాని ముసలమ్మకైనను, మాటలు రాని పసికందుకైనను చూపులోని దోషమును వారి నోటిమాటతో నిమిత్తము లేకుండ నీ విధమున తెలిసికొనవచ్చును. పలక మీది అక్షరములు కనబడక "మొద్దు" అను పేరు మోసిన పిల్ల లెందఱున్నారో మన యిండ్లలో!

ఇంతయు విని తల్లి, "మంచిదే కానీ, దానితోని ఏమొస్తది?" అనెను. నే నామె చేతివైపు చూచితిని. ఆమెకు నలుబదియైదేండ్లు. కొన్నాళ్లుగా సూదిలో దారమెక్కుట లేదు. అందుచేత కూతురు ప్రతిదినము కాలేజీకి పోవుటకు ముందు పది పండ్రెండు సూదులకు దారమెక్కించి ఒక గుడ్డకు గ్రుచ్చి పెట్టి పోవుచున్నది. ఆ సూదు లయిపోయిన పిదప ప్రక్కింటి పిల్లలు బడినుండి వచ్చు వఱకు మిషను ఆగును. ఇది రోగము కాదు. నలుబదేండ్లు దాటిన పిమ్మట కంటిలోని కటకము బిరుసెక్కి, దగ్గఱి వస్తువులకు తగినట్లు వంగజాలదు. బియ్యములో రాళ్లేరుట, ఆకుకూర బాగుచేయుట, మందుసీసా మీది తేదీ చదువుట, అన్నియు నీ దగ్గఱిచూపుతోనే కదా జరుగవలెను. అస్సాము తేయాకు తోటలలో నలుబదేండ్లు దాటిన కూలివారిలో కొందఱికి దగ్గఱిచూపు అద్దము లిచ్చి, కొందఱికి తరువాత నిత్తుమని యాపి, ఇరువురి పనిని తూచి చూచిన పరిశోధన యొకటి 2018లో ప్రకటింపబడెను. వారిలో చాలమంది స్త్రీలే. అద్దములు పెట్టుకొన్నవారు కోసిన యాకు ఐదవవంతుకు పైగా నెక్కువ తూగెను. కుట్టుపనికి నిట్టి లెక్క యెవరైన తీసిరేమో గాని, మిషను ఆగిన మధ్యాహ్నములు ఎన్నియో ఆమెకే తెలియును.

మన ప్రాంతపు లెక్కయు నొకటి చెప్పెదను. 1996 మొదలు 2000 వఱకు హైదరాబాదు, పశ్చిమగోదావరి, ఆదిలాబాదు, మహబూబునగరములందు పదివేలకు పైగా జనులను పరీక్షించి నేత్రవ్యాధులనుగుఱించి పెద్ద పరిశీలన చేసిరి. అంధులుగ తేలినవారిలో నూటికి నలుబదినలుగురి యంధత్వమునకు శుక్లము కారణము. నూటికి పదునాఱుగురికి కేవలము సరియైన అద్దములు లేకపోవుటయే కారణము! అద్దములు లేక గ్రుడ్డివారై కూర్చున్న వారన్నమాట. శస్త్రము లేదు, మందు లేదు. కొలిచి అద్దమిచ్చు మనిషి దగ్గఱలో లేదు.

ఈ విద్య మన పట్టణమునకు క్రొత్తది కాదు. స్వాతంత్ర్యము వచ్చిన పిదప రెండవ పంచవర్ష ప్రణాళిక క్రింద 1958లో భారతదేశమున రెండు ఆప్టామెట్రీ పాఠశాలలు స్థాపింపబడగా నొకటి అలీగఢునందలి గాంధీ నేత్రాలయమున, రెండవది మన హైదరాబాదు సరోజినీదేవి కంటి ఆసుపత్రిలో నుండెను. అప్పటి చదువు రెండేండ్ల డిప్లొమా. నాలుగేండ్ల పట్టపుచదువు 1985లో మద్రాసునందు ఎలీట్ పాఠశాలతో నారంభమయ్యెను. అమెరికానుండి తిరిగివచ్చిన డాక్టరు గుళ్లపల్లి నాగేశ్వరరావుగారు, చలనచిత్ర దర్శకులు ఎల్.వి. ప్రసాదుగారు దానము చేసిన భూమి ధనములతో, 1987లో బంజారాహిల్సునందు తెఱచిన నేత్రవైద్య సంస్థలోను కొలది కాలమునకే ఈ విద్య ప్రారంభమైనది. నేడా విభాగము ఆస్ట్రేలియా దేశీయుడైన దృష్టిశాస్త్రజ్ఞుడు బ్రయన్ హోల్డెన్ పేరు వహించియున్నది. ఆ సంస్థ హైదరాబాదు విశ్వవిద్యాలయముతో గూడి ఇంటర్మీడియెటు పిమ్మట నాఱేండ్ల సమ్మిళిత విద్యను గూడ నెలకొల్పెను. అన్నిటికంటె ముఖ్యము, 2021లో పార్లమెంటు చేసిన చట్టముచేత ఆప్టామెట్రీ మొదలగు ఆరోగ్యవృత్తుల కన్నిటికి జాతీయ కమిషను ఏర్పడినది. దానివలన పాఠ్యప్రణాళికలును, చదువు కాలపరిమితియు, ప్రవేశపు నియమములును మాఱుచున్నవి. కావున పొరుగింటి పిల్ల రెండేండ్ల క్రింద నెట్లు చేరినదో విని అట్లే చేయుదు మనుకొనరాదు. ఈ యేటి ప్రకటనను ఈ యేడే చదువవలెను.

బాలికయు నేనును అట్లే కూర్చుండి చదివితిమి. వరంగల్లునందలి కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయము క్రింది బీయస్సీ తరగతులకు ఇటీవలి సంవత్సరములలో ఇంటర్మీడియెటు మార్కుల వరుసను బట్టి సీట్ల నిచ్చుచు వచ్చిరి. కొన్ని సంస్థలు వ్రాతపరీక్షయు, ముఖాముఖియు జరుపును. కొన్నిచోట్ల జీవశాస్త్రము చదివినవారికే ప్రవేశము. కొన్నిచోట్ల గణితము చదివినవారికిని గలదు. తాను చిన్ననాటినుండి అద్దములు పెట్టుకొనుచున్నందున తన్ను చేర్చుకొనరేమో యని యా పిల్లకు లోలోపల భయము. అద్దములు పెట్టుకొని యీ చదువు చదువుచున్నవారు ఎందఱో కలరని చెప్పగా ముఖము తేటపడెను.

ఇక కాగితముల సంగతి. పదవతరగతి మెమో, ఇంటర్మీడియెటు మార్కుల పట్టిక, బదిలీ పత్రము, ఆఱవ తరగతినుండి ఏయే బడిలో చదివినదో తెలుపు స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువపత్రము, ఆదాయ ధ్రువపత్రము, ఆధారు. ఆదాయపత్రము లేనిచో ప్రభుత్వ మిచ్చు ఫీజు సహాయము చేజారును. దానికి మీసేవలో దరఖాస్తు పెట్టి, తహసీలు కచేరినుండి వచ్చు వఱకు కాచుకొనవలెను. ఇవన్నియు నొక సంచిలో పోగుచేసి, సరిచూచుచుండగా అసలు చిక్కు బయటపడినది. పదవతరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగ నున్నది. ఆధారులో నొక్క పొడి యక్షరమే. అది తప్పని యెవ్వరికిని ఇన్నాళ్లు తోచలేదు. గడువు తొమ్మిది దినములు. మెమో ననుసరించి ఆధారును దిద్దించుటకు ఆ తల్లి రెండు రోజులు మిషను కట్టివేసి తిరిగినది. సోదరీమణులారా, మీ పిల్లలు పదవతరగతిలో నుండగనే ఈ రెండు కాగితములను ప్రక్కప్రక్కన పెట్టి యక్షరమక్షరము చూచుకొనుడు.

ఈలోగా మఱియొక యాపద. ఎవరో బంధువు చెప్పగా తండ్రి పట్టణములోని యొక ప్రైవేటు సంస్థకు పోయి వచ్చెను. ఆ సంస్థ పేరు చెప్పను. ఒక్క యేడాదిలో ఆప్టామెట్రీ డిప్లొమా, ఉద్యోగము పూచీ, దరఖాస్తు పరీక్ష ఏమియు నక్కఱలేదు, ముందుగ ఇరువదివేలు కట్టిన చాలునని వారు చెప్పిరట. ఆయనకు నచ్చినది. పిల్ల పట్టణమున నాలుగేండ్లుండ నక్కఱలేదు కదా! నేను రెండు ప్రశ్నలే వ్రాసియిచ్చి మఱల పంపితిని: ఏ విశ్వవిద్యాలయము, లేక ఏ ప్రభుత్వ బోర్డు పట్టా యిచ్చును? పిల్లలు రోగులను చూచుటకు ఏ ఆసుపత్రి యున్నది? సమాధానముగ నొక రంగుల కాగితమును, కాఫీయు నిచ్చి పంపిరి. డబ్బు కట్టకుండ తిరిగివచ్చెను గాని, నామీద నాయనకు కొంత కోపము వచ్చిన మాట నిజము.

యేడాది చదువు లన్నియు మోసమని నా భావము కాదు. ఎల్.వి. ప్రసాదు సంస్థవారు పల్లెటూళ్లలోని యువతీయువకులకు యేడాది శిక్షణ యిచ్చి, వారిచేతనే పల్లెలయందు దృష్టికేంద్రములు నడిపించుచున్నారు. వారు చూపు కొలిచి అద్దములిత్తురు. అంతకు మించినదానిని పై ఆసుపత్రికి పంపుదురు. అట్లు పనిచేయువారిలో ఆడపిల్లలు పెక్కుమంది. అది చదివినవారు తాము ఆప్టామెట్రిస్టులమని చెప్పుకొనరు. సంస్థయు నట్లు చెప్పదు. భేద మక్కడనే యున్నది.

దరఖాస్తులో "ఈ చదువు ఎందుకు కోరుచున్నావు?" అని యొక ప్రశ్న యుండెను. బాలిక మొదట వ్రాసినది చూచి నాకు నవ్వు వచ్చెను. మానవసేవ, మాధవసేవ, దేశాభ్యుదయము మొదలగు మాటలు నిండుగ నున్నవి. ఎవరి దరఖాస్తులోనో చూచి వ్రాసినది కావలెను. "ఇది నీవేనా?" అని యడిగితిని. చాలసేపు పలుకక, తరువాత తన నాయనమ్మ సంగతి చెప్పినది. 2023లో తాను పదవతరగతిలో నుండగా ప్రభుత్వమువారి కంటివెలుగు శిబిరము వచ్చినదట. ఆ కార్యక్రమము 2018 ఆగస్టు 15న మొదలై, తొలివిడతలోనే కోటిన్నరకు పైగా జనులను పరీక్షించినది. 2023 జనవరిలో రెండవ విడత సాగినది. ఆ శిబిరమున కంటిని పరీక్షించిన ఆప్టామెట్రిస్టు ఇరువదియైదేండ్లయిన లేని యువతి. నాయనమ్మకు అద్దములు పెట్టగనే ఆ ముసలమ్మ ముందుగ జూచినది మనుమరాలి ముఖమును. "ఓసి, నీ మొఖం మీద పుట్టుమచ్చ ఉన్నదా!" అనినదట. పదునైదేండ్లు పెంచిన పిల్ల ముఖము మీది మచ్చ నామె అప్పటివఱకు చూడలేదు! అదే వ్రాయుమంటిని. పదునాలుగు పంక్తులలో వ్రాసినది. తప్పులు మాత్రము దిద్దితిని; మాటలు మార్చలేదు.

గడువునకు రెండు దినములు ముందు దరఖాస్తు చేరినది. వ్రాతపరీక్షలో భౌతికశాస్త్రము కష్టముగ నుండెనట. అందు కాంతి వక్రీభవనముపై నడిగిన ప్రశ్నలకు మాత్రము బాగుగ వ్రాసితి ననినది. ఈ చదువులో చేరగోరు బాలికలు జీవశాస్త్రమునే నమ్ముకొని కటకములు, అద్దములు గల పాఠమును వదలరాదు. చేరిన పిమ్మట మొదటి యేటినుండి వెంటాడునది ఆ పాఠమే. ముఖాముఖిలో పుట్టుమచ్చ కథ నడిగి చెప్పించుకొనిరట. మొదటి జాబితాలో పేరు లేదు. ఆ పదిదినములు ఇంటిలో జరిగిన వాదము లిక్కడ వ్రాయుట మర్యాద కాదు. ఒక పెండ్లిసంబంధము వారు చూచిపోవుటయు జరిగెను. నాయనమ్మ యొక్కతె మాత్రము, "సదువుకోనియ్యిర్రి, పెండ్లి యాడికి పోతది?" అని తలుపు దగ్గఱ కూర్చుండి అందఱికి వినబడునట్లు చెప్పుచుండెనట. రెండవ జాబితాలో పేరు వచ్చెను.

ఇప్పుడా పిల్ల మొదటి యేడాది చదువుచు హాస్టలులో నున్నది. శరీరశాస్త్రము, జీవరసాయనము, జ్యామితీయ దృక్శాస్త్రము అని పుస్తకముల పేర్లు చెప్పుచున్నది. తండ్రి మొదటి రెండు నెలలు ప్రతి శనివారము బస్సెక్కి పోయి చూచి వచ్చెను; ఇప్పుడు నెలకొక్కమాఱు పోవుచున్నాడు. దసరా సెలవులకు వచ్చినప్పుడు ఆమె తల్లిని బలవంతముగ పరీక్షకు తీసికొనిపోయి దగ్గఱిచూపు అద్దములు చేయించినది. సూదులు గ్రుచ్చిన గుడ్డ యిక మిషను మీద కనబడుట లేదు. కాని కొలత లిచ్చుటకు ఎవరైన గడప తొక్కినచో, "చూపు తగ్గిన దర్జీది" అందురేమో యని, ఆమె అద్దములు తీసి దారపుండల డబ్బాలో దాచుచున్నదట. ఈ సంగతి మీద తల్లీకూతుళ్లకు ఫోనులో ఇంకను తగవు తీరలేదు.